కారులో హ్యాండ్ బ్రేక్ ఎర్ర లైటు: ఎందుకు వెలుగుతుంది, వెలిగితే ఏం చేయాలి?

ఇప్పుడు ట్రాక్టరు ఉన్న ఇళ్లలో చాలావాటికి కొత్తదో పాతదో ఒక కారు కూడా ఉంటోంది. విత్తనాలు, పురుగుమందులు తెచ్చుకోవాలన్నా, మార్కెట్ యార్డుకు వెళ్లి ధర చూసి రావాలన్నా, ఆసుపత్రికైనా పెళ్లికైనా, ఏడాదికోసారి తిరుమలకో శ్రీశైలానికో వెళ్లాలన్నా అదే బండి. రైతుల్లో ఎక్కువ మంది సెకండ్ హ్యాండ్ కారు కొంటారు. దానితో పాటు రావాల్సిన మాన్యువల్ పుస్తకం రాదు. వచ్చినా చదివేవారు తక్కువ. అందువల్ల మీటర్ బోర్డులో వెలిగే గుర్తుల్లో డీజిల్ గుర్తు, బ్యాటరీ గుర్తు తప్ప మిగతావి ఏమిటో చాలామందికి తెలియవు.

వాటిలో అన్నింటికన్నా ఎక్కువగా అశ్రద్ధ చేసేది, అశ్రద్ధ చేస్తే ఎక్కువ నష్టం చేసేది హ్యాండ్ బ్రేక్ ఎర్ర లైటు. "అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది సార్, సెన్సార్ పోయింది" అని చెప్పి అలాగే పిల్లలతో ఘాట్ రోడ్డు ఎక్కేవారిని చూస్తుంటాం. వరి ఆకు పసుపు రంగుకు మారితే అది నత్రజని లోపం కావచ్చు, జింకు లోపం కావచ్చు, వేరు కుళ్లు కావచ్చు, టుంగ్రో తెగులు కావచ్చు. ఆకు పచ్చబడటం రోగం కాదు, రోగ లక్షణం. ఈ ఎర్ర లైటు కూడా అంతే. ఒకే లక్షణం వెనుక నాలుగైదు కారణాలు ఉంటాయి. ఒకటి నవ్వుకుని వదిలేసేది, మరొకటి ప్రాణం తీసేది.

గుర్తు ఎలా ఉంటుంది?

ఎర్రటి వృత్తం, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు, రెండు పక్కలా వంపు గీతలు. ఇది చాలా కార్లలో కనిపించే రూపం. కొన్నింటిలో ఆశ్చర్యార్థకం బదులు ఇంగ్లీషు పి అక్షరం ఉంటుంది. కొన్ని బండ్లలో ఇంగ్లీషులో బ్రేక్ అనే మాటే వెలుగుతుంది. పసుపు రంగులో ఏబీఎస్ అని వెలిగేది వేరే గుర్తు, దాని గురించి కింద చెప్పుకుందాం.

ముఖ్యంగా గమనించాల్సిన విషయం ఒకటుంది. చాలా కార్లలో ఈ ఒక్క లైటే రెండు పనులు చేస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే వెలుగుతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గినా అదే లైటు వెలుగుతుంది. కంపెనీ వారు రెండింటికీ వేర్వేరు లైట్లు ఇచ్చి ఉంటే బాగుండేది, కొన్ని బండ్లలో ఇచ్చారు కూడా. కానీ చాలావాటిలో లేదు. కాబట్టి లివర్ పూర్తిగా దించిన తర్వాత కూడా లైటు వెలుగుతుంటే "హ్యాండ్ బ్రేక్ లైటే కదా" అని తీసిపారేయకూడదు.

తాళం తిప్పినప్పుడు ఇంజను స్టార్ట్ కాకముందు మీటర్ బోర్డులో లైట్లన్నీ ఒకసారి వెలుగుతాయి. లైట్లు పనిచేస్తున్నాయని మనకు చూపించడానికే అలా పెట్టారు. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి తాళం తిప్పితే ఎర్ర లైటు వెలగాలి. లివర్ పూర్తిగా దించి, ఇంజను స్టార్ట్ చేస్తే ఆరాలి. మళ్లీ లివర్ ఒక్క టిక్కు పైకి లాగితే వెలగాలి. పాత కారు కొనేటప్పుడు ఈ మూడూ చూసుకోండి. లైటు అసలు వెలగకపోతే అది మంచి బండి అని అర్థం కాదు. బల్బు పోయి ఉండవచ్చు, వైరు తీసేసి ఉండవచ్చు. ఎప్పుడూ వెలుగుతూ ఉండే లైటును అమ్మేముందు ఆర్పేయడానికి అన్నింటికన్నా చవకైన మార్గం వైరు పీకేయడమే మరి.

బండి నడుస్తుండగా వెలిగితే

గాభరాపడి ఒక్కసారిగా బ్రేక్ తొక్కవద్దు. వెనుక లారీ ఉండవచ్చు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ముందు లివర్ వైపు చూడండి. ఒక టిక్కు పైన ఉండిపోయిందేమో చేత్తో కిందికి నొక్కండి. సీటు పక్కన పెట్టిన టవలో, నీళ్ల సీసానో, పాస్ పుస్తకాల సంచో లివర్ కింద ఇరుక్కుని అది పూర్తిగా దిగకపోవడం మామూలే. లైటు ఆరిపోతే సమస్య తీరినట్టే. అయితే ఎంత దూరం అలా నడిపారో ఒకసారి గుర్తు చేసుకోండి, దాని సంగతి తర్వాత వస్తుంది.

లివర్ దించినా లైటు ఆరకపోతే బ్రేక్ పెడల్‌ను మెల్లగా తొక్కి చూడాలి. పెడల్ రోజూ ఆగే చోటే గట్టిగా ఆగి, బండి వేగం తగ్గుతుంటే వెంటనే ప్రమాదం లేదు. ఎడమ పక్కకు తీసి, సమతలంగా ఉన్న చోట ఆపి, బానెట్ తెరిచి ఆయిల్ చూసుకోవాలి. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉన్నా, రోజూ కన్నా కిందికి దిగుతున్నా బ్రేకుల్లో ఆయిల్ పోతోందని గానీ, గాలి చేరిందని గానీ అర్థం. చేతి పంపు స్ప్రేయరులో వాషరు అరిగితే ఎంత కొట్టినా పీడనం రానట్టే ఇదీ. అలాంటి బండిని మెకానిక్ షెడ్డు దాకా కూడా నడిపించకూడదు. ఉన్నచోటికే మెకానిక్‌ను పిలవాలి, లేదా వేరే బండి మీదికి ఎక్కించి తీసుకెళ్లాలి. తాడు కట్టి లాగించడం కూడా మంచిది కాదు, ఎందుకంటే లాగే బండి ఆగినప్పుడు వెనుక ఉన్న కారు ఆగడానికి బ్రేకులు కావాలి.

ఒకవేళ పెడల్ పూర్తిగా కిందికి పోతే, అంటే బ్రేక్ అసలు పట్టకపోతే, పెడల్‌ను వదిలి తొక్కుతూ రెండు మూడు సార్లు గబగబా కొట్టాలి. లోపల కొంచెం ఆయిల్ మిగిలి ఉంటే పీడనం కొంతైనా వస్తుంది. ఈలోగా గేరు నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు వరుసగా దించుతూ రావాలి. ఆ తర్వాత హ్యాండ్ బ్రేక్. దాని కొనలో ఉండే బటన్‌ను బొటనవేలితో నొక్కిపట్టి, లివర్‌ను కొద్దికొద్దిగా పైకి లాగాలి. బటన్ నొక్కి పట్టుకుంటే వెనుక చక్రాలు జారుతున్నట్టు అనిపించగానే వదలడానికి వీలుంటుంది. ఒక్క ఊపున లాగితే వెనుక చక్రాలు బిగుసుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది. మలుపులో అయితే మరీ ప్రమాదం. హజార్డ్ లైట్లు వేసి, హారన్ కొడుతూ ఉండాలి.

బండి కదులుతుండగా తాళం మాత్రం తిప్పి తీయకూడదు. ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లలో అయిపోతుంది, ఆపైన పెడల్ రాయిలా బిగుస్తుంది. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం బయటికి తీస్తే స్టీరింగ్ లాక్ కూడా పడవచ్చు. ఇంజనే ఆ సమయంలో మనకున్న పెద్ద బ్రేక్, దాన్ని చంపుకోకూడదు.

కాలి బ్రేక్ పోయినా హ్యాండ్ బ్రేక్ ఎలా పనిచేస్తుందని అనుమానం రావచ్చు. కాలి బ్రేక్ ఆయిల్ పీడనంతో నాలుగు చక్రాలకూ పనిచేస్తుంది. లివర్ ఉన్న హ్యాండ్ బ్రేకుకు ఆయిల్‌తో సంబంధం లేదు, ఉక్కు కేబుల్ ద్వారా సాధారణంగా వెనుక రెండు చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. పైగా నేటి కార్లన్నింటిలో కాలి బ్రేక్ ఆయిల్ కూడా రెండు వేర్వేరు దారుల్లో వెళుతుంది. ఒక గొట్టం పగిలినా మరో దారిలోని రెండు చక్రాలకు బ్రేక్ అందుతుంది. పెడల్ లోతుకు దిగుతుంది, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, కానీ ఆగుతుంది. ఆ మిగిలిన సగం బ్రేకుతో ఇల్లు చేరిపోదామనుకోవడమే తప్పు.

బ్రేక్ ఆయిల్ సంగతి

బానెట్ తెరిస్తే డ్రైవరు వైపు, అద్దానికి దగ్గరగా, తెల్లటి ప్లాస్టిక్ చిన్న డబ్బా కనిపిస్తుంది. చాలా కార్లలో అక్కడే ఉంటుంది. దాని మీద పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. ఆయిల్ ఈ రెండు గీతల మధ్య ఉండాలి. బండిని సమతలంగా నిలిపి, మూత తీయకుండానే బయటి నుంచి చూడాలి. డబ్బా మురికిగా ఉంటే గుడ్డతో తుడిచి చూడండి. లోపల ఒక తేలే బెండు ఉంటుంది. ఆయిల్ కింది గీతకు దిగినప్పుడు అది కూడా దిగి లైటును వెలిగిస్తుంది. అందుకే ఆయిల్ సరిగ్గా అంచు మీద ఉన్నప్పుడు మలుపుల్లోనో, గట్టిగా బ్రేక్ వేసినప్పుడో, వాలులోనో లైటు ఒకసారి వెలిగి ఆరిపోతుంది. లూజు కనెక్షన్ అనుకుని చాలామంది వదిలేసేది ఇదే. నిజానికి అది ముందస్తు హెచ్చరిక. 

ఆయిల్ ఎందుకు తగ్గుతుంది? ఇంజను ఆయిల్‌లా ఇది కాలిపోదు, ఖర్చు కాదు. తగ్గిందంటే రెండే దారులు. మొదటిది, బ్రేక్ ప్యాడ్లు అరగడం. ప్యాడ్ అరిగిన కొద్దీ దాన్ని నెట్టే పిస్టన్ ముందుకు వస్తుంది, ఆ ఖాళీని నింపడానికి డబ్బాలోని ఆయిల్ కిందికి దిగుతుంది. ఇది నెలల తరబడి మెల్లగా జరుగుతుంది. రెండవది, లీకు. ఇది రోజుల్లో, ఒక్కోసారి నిమిషాల్లో జరుగుతుంది.

కాబట్టి లైటు వెలగగానే దారిలోని దుకాణంలో ఆయిల్ కొని పోసేసి, లైటు ఆరింది కదా అని వెళ్లిపోవడం సరైన పద్ధతి కాదు. ప్యాడ్లు అరిగి ఆయిల్ తగ్గితే, ఆయిల్ పోయడం వల్ల అరుగుదలను చూపించే హెచ్చరికను మనమే మూసేసినట్టు అవుతుంది. కొన్నాళ్లకు ఇనుము ఇనుముకు రాసుకుంటుంది. ముందు ప్యాడ్ల మందం చూపించుకోవాలి. దాదాపు 3 మిల్లీమీటర్లకు వచ్చాయంటే మార్చేయాలి. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెడతారు, అప్పుడు ఆయిల్ తిరిగి డబ్బాలోకి వచ్చి మట్టం దానంతట అదే పెరుగుతుంది. ముందే నింపేసి ఉంటే ఆ సమయంలో పొంగి పెయింటు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

లీకు కోసం చూడాల్సిన చోట్లు మూడు. నాలుగు టైర్ల లోపలి గోడలు, ముఖ్యంగా వెనుక చక్రాలవి, తడిగా జిడ్డుగా ఉన్నాయేమో చూడండి. డ్రైవరు కాళ్ల దగ్గర, పెడల్ వెనుక మ్యాట్ ఎత్తి చూడండి. బండి రాత్రంతా ఆగిన చోట నేల మీద మరకలు చూడండి. ఏసీ నీళ్లు చుక్కలుగా పడితే అవి నీళ్లలాగే ఆరిపోతాయి. బ్రేక్ ఆయిల్ వేళ్ల మధ్య జారుతూ జిడ్డుగా ఉంటుంది. చాలా కార్లలో క్లచ్ కూడా ఇదే డబ్బాలోని ఆయిల్‌తో పనిచేస్తుంది. అందువల్ల బ్రేకుల్లో ఎక్కడా లీకు కనిపించకపోతే, గేర్లు పడటం కష్టంగా ఉంటే, క్లచ్ వైపు కూడా చూడమని మెకానిక్‌కు చెప్పండి.

ఆయిల్ పోయాల్సి వస్తే డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే పోయాలి. ఎక్కువ కార్లకు డాట్ 3 లేదా డాట్ 4. సీలు తీయని సీసా నుంచే పోయాలి. దీనికి కారణం రైతులకు సులువుగా అర్థమవుతుంది. ధాన్యం గాలిలోని తేమను పీల్చుకున్నట్టే ఈ ఆయిల్ కూడా పీల్చుకుంటుంది. 17 శాతం తేమ దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యాన్ని వెనక్కి పంపుతారు. బ్రేక్ ఆయిల్‌కు మూడు నాలుగు శాతం తేమ చేరితేనే చాలు, పనికి రాకుండా పోతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తర్వాత ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయే తప్ప చక్రం ఆగదు. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్పించాలి. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. టీ డికాషన్ రంగుకు వచ్చిందంటే మార్చే సమయం దాటిపోయినట్టే.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. దారిలో బ్రేక్ ఆయిల్ దొరకలేదని ఇంజను ఆయిల్ గానీ, ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ కారు బ్రేక్ డబ్బాలో ఒక్క మూతెడు కూడా పోయకూడదు. అవి రబ్బరు సీళ్లను ఉబ్బేలా చేస్తాయి. ఆ రోజు బాగానే ఉంటుంది. తర్వాత బ్రేకులు వదలకుండా పట్టేస్తాయి, చివరికి మాస్టర్ సిలిండరు నుంచి గొట్టాల దాకా అన్నీ మార్చాల్సి వస్తుంది. వంద రెండొందల ఆయిల్ దగ్గర పొదుపు చేసి వేలల్లో పోగొట్టుకున్న కార్లు షెడ్డుల్లో కనిపిస్తూనే ఉంటాయి. అదే విధంగా కొన్ని ట్రాక్టర్లలో బ్రేకులకు మినరల్ ఆయిల్ వాడతారు, వాటిలో కారు బ్రేక్ ఆయిల్ పోయకూడదు. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టే అలవాటు ఉంటే వాటి మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకోండి. బ్రేక్ ఆయిల్ కూడా విషమే. పురుగుమందుల మాదిరిగానే పిల్లలకు అందకుండా, తాగునీటి సీసాల్లో పోయకుండా ఉంచాలి.

హ్యాండ్ బ్రేక్ వేసి నడిపితే

ఒకటి రెండు కిలోమీటర్లు మెల్లగా వెళ్లి ఉంటే పెద్దగా ఏమీ కాదు. బండి బరువుగా లాగడం, వెనుక నుంచి కాలిన వాసన రావడం జరిగాయంటే బ్రేక్ షూలు వేడెక్కాయన్నమాట. ఆపి, అరగంట పైనే చల్లారనివ్వాలి. చక్రం మధ్య భాగాన్ని చేత్తో ముట్టుకోకూడదు, కాలుతుంది. చల్లారాలని నీళ్లు కొట్టకూడదు, కాలిన ఇనుము మీద నీళ్లు పడితే డ్రమ్ములు వంకర పోవచ్చు, పగలవచ్చు. అలా కాగిన బండిని ఆపినప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టడం మేలు. చల్లారాక పెడల్ గట్టిగా ఉందో లేదో చూసుకుని బయలుదేరి, వీలైనంత త్వరగా డ్రమ్ములు విప్పించి షూలు చూపించాలి. ఒకసారి మాడిన షూ పైకి అద్దంలా నున్నగా అవుతుంది, ఆ తర్వాత సరిగా పట్టదు.

లివర్ ఎంత పైకి లాగితే బ్రేక్ పడుతోందో కూడా గమనిస్తుండాలి. ఇదివరకు ఐదారు టిక్కులకు పట్టేది ఇప్పుడు పది లాగినా జారుతోందంటే కేబుల్ సాగింది లేదా వెనుక షూలు అరిగాయి. లైటు వెలుగుతోంది కాబట్టి బ్రేక్ పడిందని నమ్మకూడదు. లైటు చెప్పేది లివర్ లేచిందని మాత్రమే, చక్రం ఆగిందని కాదు. లివర్ మొదట్లో ఉండే చిన్న స్విచ్ అది, అంతకు మించి దానికి తెలియదు.

ఊళ్లో బండ్లకు వచ్చే ప్రత్యేక సమస్యలు

పట్నం కార్లకు లేని మూడు బాధలు మన కార్లకు ఉన్నాయి.

ఎలుకలు. వరి గాదెల పక్కన, పశువుల కొట్టంలో, గడ్డివాము దగ్గర నిలిపిన కారులోకి ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. నిన్నటి దాకా బాగున్న బండిలో పొద్దున్నే ఎర్ర లైటు, ఏబీఎస్ లైటు కలిసి వెలిగితే బానెట్ ఎత్తి వైర్లు, ఎలుక పెంటికలు చూడండి. పొలంలో ఎలుకల నివారణకు చేసేదే ఇక్కడా చేయాలి. బండి చుట్టూ గింజలు లేకుండా శుభ్రంగా ఉంచడం, బోను పెట్టడం. కారులో విషపు ఎర పెట్టవద్దు, ఎలుక ఏ మూలో చచ్చి నెల రోజులు వాసన వస్తుంది.

ఎరువులు. డిక్కీలో యూరియా, పొటాష్ బస్తాలు వేసుకురావడం మామూలైపోయింది. బస్తా కారి గుళికలు కింద చేరి, తేమకు కరిగి ఇనుమును తినేస్తాయి. ముఖ్యంగా మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది, అది ఉప్పు చేసే పనే చేస్తుంది. కేబుళ్లు, బ్రేక్ ఇనుప గొట్టాలు కారు అడుగునే ఉంటాయి. బస్తాల కింద మందపాటి టార్పాలిన్ పరచండి, దించిన తర్వాత ఊడ్చి, తడిగుడ్డతో తుడవండి. కోస్తాలో రొయ్యల చెరువుల గట్ల మీద, ఉప్పునీటి రేవుల దగ్గర తిరిగే బండ్లకు అడుగు భాగాన్ని మంచినీటితో కడిగించడం అవసరం.

ఇక బురద, వాన. వాగు దాటినా, బండి కడిగించినా బ్రేకులు తడుస్తాయి. మెల్లగా నడుపుతూ రెండు మూడు సార్లు పెడల్ తొక్కి ఆరనివ్వాలి. తడిసిన బండిని హ్యాండ్ బ్రేక్ వేసి వారాల తరబడి కదపకుండా ఉంచితే షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోతాయి. అప్పుడు లివర్ దించితే లైటు ఆరుతుంది, చక్రం మాత్రం తిరగదు. కోతల సీజనులో నెల రోజులు కారు బయటికి తీయరనుకుంటే సమతలంగా ఉన్న చోట మొదటి గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి ఉంచండి.

వాలులో నిలపాల్సి వచ్చినప్పుడు మాత్రం హ్యాండ్ బ్రేక్, గేరు, రాయి మూడూ కావాలి. బండి ముఖం ఎత్తు వైపు ఉంటే మొదటి గేరు, పల్లం వైపు ఉంటే రివర్స్ గేరు. స్టీరింగును రోడ్డు అంచు వైపు తిప్పి ఉంచమని డ్రైవింగ్ పుస్తకాల్లో ఉంటుంది. కాలువ గట్ల మీద ఆ సూత్రం పనికి రాదు. బండి కదిలితే కాలువలోకే పోతుంది. గట్టు మీద కాలువకు ఎదురు వైపుకు చక్రం తిప్పి, రాయి తప్పకుండా పెట్టాలి. పిల్లలను బండిలో ఉంచి తాళం వేసి దిగవద్దు. లివర్ బటన్ నొక్కడం నాలుగేళ్ల పిల్లవాడికి ఆటే. బయలుదేరేటప్పుడు ఆ రాళ్లు తీసి రోడ్డు పక్కకు వేయడం మరచిపోకండి. చీకట్లో రోడ్డు మీద మిగిలిన రాయి వెనుక వచ్చే మోటార్ సైకిల్‌కు ప్రాణాంతకం.

ఘాట్ రోడ్డుకు ముందు

తిరుమల, శ్రీశైలం, పాడేరు, మారేడుమిల్లి, హార్స్‌లీ హిల్స్ ఎక్కడికైనా సరే, కొండ కిందనే ఎర్ర లైటు గురించి తేల్చుకోవాలి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. తిరుమలలో దిగే దారి పాత ఘాట్ రోడ్డు, మలుపులు ఎక్కువ. లైటు అప్పుడప్పుడూ వెలిగి ఆరుతున్న బండిలో ఎనిమిది మందిని ఎక్కించుకుని అది దిగకూడదు. కొండ కింద బండి వదిలి బస్సెక్కితే పోయేది కొద్దిపాటి డబ్బే.

దిగేటప్పుడు రెండవ గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగాలి. డీజిల్ పొదుపని న్యూట్రల్ చేసి దిగేవారున్నారు. నేటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిలు, పెట్రోలు లోపలికి వెళ్లడమే ఆగిపోతుంది. కాబట్టి న్యూట్రల్ వల్ల మిగిలేది ఏమీ లేదు, బ్రేకుల మీద భారం మాత్రం పెరుగుతుంది. పెడల్ మీద కాలు అదిమి ఉంచకుండా, తొక్కి వదులుతూ రావాలి. కాలిన వాసన వస్తే చోటు చూసి ఆపి చల్లారనివ్వాలి.

పసుపు ఏబీఎస్ లైటు, బటన్ హ్యాండ్ బ్రేకులు

ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేక్ పనిచేస్తుంది, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు మాత్రం ఉండదు. జాగ్రత్తగా నడిపి చూపించుకోవచ్చు. ఎర్ర లైటు, పసుపు ఏబీఎస్ లైటు రెండూ కలిసి వెలిగితే ముందు వెనుక చక్రాలకు బ్రేక్‌ను పంచే ఏర్పాటు కూడా దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు నడపకపోవడమే మంచిది.

కొత్త కార్లలో లివర్ బదులు పి అని రాసిన బటన్ ఉంటోంది. బటన్ పైకి లాగితే పడుతుంది, కాలి బ్రేక్ తొక్కి కిందికి నొక్కితే వదులుతుంది. వీటిలో చిన్న మోటారు బ్రేకును బిగిస్తుంది, కాబట్టి బ్యాటరీ పూర్తిగా పడిపోతే వదలదు. వేరే బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చిన తర్వాతే వదులుతుంది, తోయడానికి ప్రయత్నించి లాభం లేదు. ఎర్ర లైటు ఆగకుండా మినుకుమినుకుమంటున్నా, పసుపు గుర్తు వెలుగుతున్నా బ్రేక్ పూర్తిగా పడలేదనో, లోపం ఉందనో అర్థం. రాయి పెట్టకుండా బండి దిగకండి. నడుస్తుండగా కాలి బ్రేక్ పోతే ఈ బటన్‌ను లాగి అలాగే పట్టుకుంటే చాలా కార్లలో బండి ఆగుతుంది. ఈ రకం బండ్లలో వెనుక ప్యాడ్లు మార్చాలంటే మోటారును ముందు వెనక్కి తీసుకురావాలి, అందుకు యంత్రం ఉన్న షెడ్డుకే వెళ్లాలి. స్క్రూడ్రైవరుతో వెనక్కి నెట్టే మెకానిక్‌కు ఇవ్వవద్దు.

షెడ్డుకు వెళ్లినప్పుడు

"బ్రేక్ లైటు వెలుగుతోంది" అని మాత్రమే చెబితే తొందరలో ఉన్న మెకానిక్ స్విచ్ వంచి లైటు ఆర్పి పంపించే అవకాశం ఉంది. లైటు ఎప్పుడెప్పుడు వెలుగుతోందో, మలుపులోనా, చలికా, బండి కడిగాకనా, పెడల్ ఎంత దిగుతోందో, ఆయిల్ గీతకు ఎంత కింద ఉందో, చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారో చెప్పండి. పంటకు తెగులు వస్తే మొక్క పీకి తెచ్చి ఎప్పుడు మొదలైందో చెప్పే రైతుకే సరైన మందు చెప్పగలుగుతాం, ఇదీ అలాంటిదే. పని అయ్యాక లివర్ ఒక్క టిక్కు లాగి లైటు వెలుగుతోందా, దించితే ఆరుతోందా అక్కడే చూసుకోండి. తీసిన పాత ప్యాడ్లు అడిగి చూడండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033 నంబరుకు, ఎవరికైనా దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయవచ్చు.

ట్రాక్టరుకు కూడా పార్కింగ్ బ్రేక్ గుర్తు లైటు ఉన్న మోడళ్లు వస్తున్నాయి. పాతవాటిలో పెడళ్లను లాక్ చేసే కొక్కెం లేదా చిన్న లివర్ మాత్రమే ఉంటుంది, హెచ్చరించే లైటు ఉండదు. ఎడమ కుడి బ్రేక్ పెడళ్లు విడివిడిగా ఉంటాయి కాబట్టి పొలం నుంచి రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే పట్టీ వేయాలి. నిలిపినప్పుడు పెడళ్లు రెండూ కలిసి ఉంటేనే పార్కింగ్ కొక్కెం రెండు చక్రాలనూ పట్టుకుంటుంది. నాగలి, రోటావేటరు నేల మీదికి దించి, తాళం తీసుకుని దిగాలి. ట్రాలీకి చాలావరకు సొంత బ్రేకులు ఉండవు. ధాన్యం బస్తాలతో నిండిన ట్రాలీని గట్టు వాలులో నిలిపితే ట్రాక్టరు కొక్కెం ఒక్కటీ దాన్ని ఆపలేదు, ట్రాలీ చక్రాలకు విడిగా రాళ్లు పెట్టాల్సిందే.